ముక్కు నేర్పినావిడ

ఆవిడ పోయిన సంగతి నాకు మనుషులెవరూ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా జంతువుల షెల్టర్ నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. ఊరి బయట పొలంలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ చనిపోయిందనీ, ఆవిడ కుక్కలు మూడింటిని తెచ్చి ఉంచామనీ, అవి ఏం చెప్పినా వినడం లేదనీ చెప్పింది.

"చెవుడేమో అనుకున్నాం. డాక్టర్ చూసి చెవులు బాగానే ఉన్నాయన్నాడు. ఆవిడ నోట్‌బుక్‌లో ఇండియన్ పేరు మీదొక్కటే ఉంది. ఒకసారి రాగలరా?"

వెళ్ళాను. ఇనుప కటకటాల వెనక మూడు నల్ల లాబ్రడార్లు గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాయి. "లే" అన్నాను. లేచాయి. "కూర్చో" అన్నాను. మూడూ ఒక్కసారే కూర్చున్నాయి. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాగితం మీద కూర్చో, రా, ఆగు, వదులు, వెతుకు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి, ఎలా పలకాలో నేర్పాను.

"కుక్కలకి సొంత భాష నేర్పుకుందంటే ఎంత మంచి మనిషో కదా," అందా అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ.

ఔననలేకపోయాను. పెన్ను జేబులో పెట్టుకుని బయటికొచ్చి కార్‌లో కూర్చున్నాను.

కుక్కలతో ఆవిడ పొలానికి వెళ్ళే మేమంతా ఆవిణ్ణి టీచర్ అనేవాళ్ళం. పెళ్ళికి ముందు జగిత్యాల వైపు ఏదో బడిలో లెక్కలు చెప్పిందట. ఆవిడ గురించి నాకు తెలిసిన గతం దాదాపు అంతే.

రెండువేల తొమ్మిదిలో మా డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్నాయి. జనవరిలో నా ఉద్యోగం పోయింది. మా ఆవిడ ఫార్మసీలో పనిచేస్తుంది కాబట్టి ఇల్లు గడుస్తోంది. ఏప్రిల్‌లో మా అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చారు. టికెట్లు ఎప్పుడో తీసుకున్నవి. నా సంగతి వాళ్ళకి చెప్పలేదు. నలభై ఒక్కేళ్ళవాణ్ణి, రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ బాక్సు పట్టుకుని, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంట్లోంచి బయల్దేరి లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. "నాన్నగారికి చెప్పేద్దామండీ," అని మా ఆవిడ రెండుమూడుసార్లంది. "ఇంకో ఇంటర్వ్యూ ఉంది, అది తేలనీ," అని నేను దాటేశాను.

ఆ రోజుల్లో మా ఇంట్లో బిస్కెట్ అని ఒక కుక్క ఉండేది. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి పేచీ పెట్టి తెప్పించుకున్న లాబ్రడార్ అది. ఏడాదిన్నర వయసు. సోఫా చీల్చింది, తలుపు చెక్కలు కొరికింది. పక్కింటాయన వేటకి వెళ్ళే మనిషి. ఒకసారి దాన్ని చూసి, "ఇది పనిచేసే జాతి. పని లేకపోతే పిచ్చెక్కుతుంది. పొలంలో ట్రైన్ చేసే ఆవిడ ఒకరున్నారు, మీ ఇండియనే," అని నెంబరిచ్చాడు.

ఫోన్‌లో నా పేరు వినగానే ఆవిడ తెలుగులోకి దిగింది.

"ఏ ఊరు?"

"తెనాలండీ."

"తెలుగోళ్ళమని మొహమాట పెడ్తవేమో. నా తాన నడవది. రేపు ఏడింటికి రా. కుక్కకు తిండి పెట్టకుండ తోల్కరా."

అరవై దాటిన మనిషి. పొడుగు. చనిపోయిన భర్త తాలూకు గోధుమరంగు క్యాన్వాస్ కోటు, మోచేతుల దాకా మడిచిన చేతులు, సల్వార్‌ని లోపలికి దోపి వేసుకున్న రబ్బరు బూట్లు. మెడలో విజిల్‌ని లంగా బొందుకి కట్టి వేసుకునేది. కోటు జేబులో ఎప్పుడూ ఒక టాల్కం పౌడర్ డబ్బా ఉండేది. చిటికెడు తీసి గాల్లోకి వదిలి, అది ఎటు పోతోందో చూసి, తర్వాతే కుక్కని వదిలేది. ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కానీ గరాజ్‌లో ఫ్రీజర్ తెరిస్తే ఒకవైపు గోంగూర, కరివేపాకు. రెండోవైపు ప్లాస్టిక్ సంచుల్లో గడ్డకట్టిన పావురాలు. సంచుల మీద గుండ్రటి తెలుగు అక్షరాలతో చీటీలు: "పావురం. మూడుసార్లు వాడినది."

మొదటిరోజు నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది.

"ఆఫీసు బట్టలల్ల కుక్క తానికి వచ్చినవు. ఆఫీసు లేదా?"

"వర్క్ ఫ్రమ్ హోమ్ అండీ."

"అట్లనా," అని ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం ఎంత భయంకరమో నాకప్పటికి తెలియదు. రెండోవారంలో ఉద్యోగం ఎప్పుడు పోయిందని సూటిగా అడిగితే, జనవరిలో అని చెప్పేశాను.

తుపాకీ దెబ్బకి పడిన బాతునో నెమలికోడినో వెతికి తెచ్చే కుక్కలకి ఆవిడ శిక్షణ ఇచ్చేది. ఎక్కువమంది తెల్లవాళ్ళు, వేటగాళ్ళు. మూడు నెలలు ఉంచుకుని తిరిగి అప్పగించేటప్పుడు వాళ్ళకి ఐదు తెలుగు మాటలు నేర్పి పంపేది. ఇంగ్లీషులో చెప్తే కుక్క వినకపోతే తన పూచీ లేదనేది. గడ్డాలూ బొజ్జలూ ఉన్న ఆరడుగుల మనుషులు పొద్దున్నే బురదలో నిలబడి "వెటుకూ! వెటుకూ!" అని అరిచేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు. "ట కాదు, త. నాలుక పండ్లకు తగలాలె," అని దిద్దేది.

ఆవిడ కుక్కని కొట్టగా నేను చూడలేదు. కరెంటు పట్టీ మెడకి కట్టేవాళ్ళని అసహ్యించుకునేది. ఆవిడ కర్కశత్వం వేరే దారిన నడిచేది. బిస్కెట్ చేసిన మొదటి తప్పు, మొహాలు చూడటం. డమ్మీ అని దిండులాంటి చిన్న గుడ్డమూట ఉంటుంది. తెల్లది, కత్తిరించిన గడ్డిలో వేస్తే పరిగెత్తి తెచ్చేసేది. ఆకుపచ్చది, మోకాలెత్తు గడ్డిలో వేస్తే పడినచోటికి వెళ్ళి, కనపడక, వెనక్కి తిరిగి నా మొహం చూసేది. నేను ఆగలేక చెయ్యెత్తి చూపించేవాణ్ణి. అది అటు పరిగెత్తేది.

"చెయ్యి దించు," అనేది టీచర్. "నువ్వు సాయం చేసినవంటే దాని ముక్కు కోసినట్టే. నీ మొకంల ఏమున్నది? వాసనున్నదా? అటు తిరుగు."

కుక్క బతిమాలుతున్నట్టు చూస్తుంటే దానికి వీపు తిప్పి నిలబడాలి. పది నిమిషాలు, పావుగంట. అది కుయ్యిమంటుంది, చుట్టూ తిరుగుతుంది, వచ్చి మోకాలికి మూతి తగిలిస్తుంది. పలకకూడదు.

తర్వాత తిండి పాఠం. ఇంట్లో గిన్నె తీసేయమంది. రోజుకి పెట్టే గింజలన్నీ తెచ్చి పొలంలో గడ్డిలో చల్లేది. ముక్కుతో వెతుక్కుంటే తింటుంది, లేకపోతే లేదు. మొదటివారం బిస్కెట్ నాలుగు గింజలు తిని మిగతాది వదిలేసి నా వైపు చూస్తూ కూర్చునేది. పక్కటెముకలు తేలాయి. మా అమ్మాయి ఏడ్చింది. "డాడీ, షి ఈజ్ స్టార్వింగ్! ఆ ఆంటీ మీన్!" అంది. నేను దొంగతనంగా కార్‌లో ఒక బ్రెడ్డు ముక్క పెట్టాను. మర్నాడు టీచర్ దాని మూతి వాసన చూసి, "బ్రెడ్డు," అంది. అంతే అంది. ఆ రోజు దానికి గింజలు చల్లలేదు.

"ఇదెందుకు నేర్చుకున్నారు టీచర్?" అని ఒకసారి అడిగాను. ఆవిడ పావురానికి తాడు కడుతోంది, గడ్డిలో ఈడ్చి వాసన దారి వేయడానికి.

"మా సారు పొలంల పడిపోయిండు. గుండె ఆగిపోయింది. అప్పటిదాంక ఆయన కుక్కలంటె నాకు పడకపోయేది. ఆ పొద్దు ఆయన కుక్క ఒక్కతె ఇంటికొచ్చింది. పిట్టను తెచ్చి నా కాళ్ళకాడ పెట్టింది. మనిషిని తెలే." తాడు ముడి బిగించింది. "దాని తప్పేమున్నది? దానికి నేర్పింది పిట్టనే గదా."

పావురాన్ని ఈడ్చుకుంటూ గడ్డిలోకి నడిచింది.

మనుషులతోనూ అదే వరస. ఆ మే నెలలో ఒక తెలుగువాళ్ళింట్లో భోజనాలకి ఆవిణ్ణీ పిలిచారు. ఒక తల్లి తన కూతురిచేత పద్యాలు చెప్పిస్తోంది. పిల్ల ఆగినచోటల్లా తల్లి పెదాలు కదుపుతోంది, పిల్ల వాటిని చూసి అందుకుంటోంది. టీచర్ పులిహోర తింటూ, "నువ్వు మూతి మూసుకోమ్మా, ఎన్ని వస్తయో చూద్దాం," అంది. తల్లి మొహం మాడిపోయింది. పిల్ల రెండో పాదం దగ్గర ఆగి, అందరి మొహాలూ చూసి, ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. "రాదని తెలుసుకున్నది. ఇగ వస్తది," అని టీచర్ ఇంకాస్త పులిహోర వడ్డించుకుంది. తర్వాత ఎవరూ ఆవిణ్ణి పిలవలేదు. పిలవలేదన్న సంగతి ఆవిడ గమనించినట్టు కూడా లేదు.

నా చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు. నోటితో చెప్పకపోయినా, తెలియకుండానే వేలు లేచేది. జూన్ చివర్లో ఒకరోజు ఆవిడ బిస్కెట్ మెడలోని తోలు పట్టీ తాడు విప్పి, "చేతులు ఎనుకకు పెట్టు," అంది. వేళాకోళమనుకున్నాను. రెండు మణికట్లూ కలిపి గట్టిగా ముడేసింది. ఇస్త్రీ చొక్కాలో, వెనక్కి కట్టిన చేతులతో, ఆ పొలం మధ్యలో దొంగలాగా నిలబడ్డాను. ఆ రోజు నుంచి అది అలవాటైపోయింది; లైబ్రరీకి వెళ్ళడం మానేసి సాయంత్రం దాకా పొలంలోనే ఉండిపోయేవాణ్ణి. పొద్దున్న వెళ్ళగానే నేనే చేతులు వెనక్కి పెట్టేవాణ్ణి. ఉద్యోగాల ఇంటర్వ్యూలు, తిరస్కారాలు, ఇంట్లో నటన, వీటన్నిటి మధ్య, చేతులు కట్టేసి ఉన్న ఆ గంటసేపు నేను చేయాల్సింది ఏమీ ఉండేది కాదు. సిగ్గుగా ఉన్నా చెప్తాను, నాకది కొంచెం సుఖంగానే ఉండేది.

మా నాన్న విద్యుత్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. "ఈ దేశంలో కుక్కలక్కూడా స్కూలా?" అని నవ్వేవారు. పొద్దున్న కుక్కని దింపి ఆఫీసుకి వెళ్తాననీ, సాయంత్రం తీసుకొస్తాననీ ఆయనకి చెప్పాను. జూలైలో ఒక శనివారం, "పద, నేనూ చూస్తాను," అన్నారు. కాదనడానికి కారణం దొరకలేదు.

టీచర్ ఆయనకి నమస్కారం పెట్టింది, ఒక మడత కుర్చీ వేసింది. నా చేతులు మామూలుగానే కట్టేసింది.

"ఇదేంటమ్మా, మావాణ్ణి కట్టేశారు?"

"మీ కొడుకు చేతులు ఊకోవు."

నాన్న నవ్వారు. టీచర్ పౌడర్ వదిలింది. గాలి మా మొహాల మీదికి వస్తోంది. మేము చూడకుండా ఎప్పుడో గడ్డిలో దాచి వచ్చిన డమ్మీని వెతకడానికి బిస్కెట్‌ని వదిలి, "వెతుకు," అంది. కుక్క గడ్డిలోకి పోయింది. ఎత్తైన గడ్డి పైన తోక మాత్రమే కనిపిస్తోంది.

నాన్న కుర్చీలోంచి నా వైపు చూశారు. "అబ్బాయ్, నువ్వు ఆఫీసుకెళ్ళాక సాయంత్రం దాకా దీన్ని ఎవరు చూస్తార్రా?" అన్నారు. చాలా మామూలుగా అడిగారు.

"టీచర్ గారే చూసుకుంటారు నాన్నా," అన్నాను.

టీచర్ గడ్డి మీది నుంచి చూపు తిప్పకుండానే అంది: "ఏ ఆఫీసు? మీ కొడుకు పొద్దుగాల నుంచి పొద్దుమూకేదాంక ఈడనే ఉంటడు. నౌకరి పోయి ఆరు నెలలాయె."

నేను మొహం కప్పుకోవాలనుకున్నాను. చేతులు రాలేదు. తోలు మణికట్టులో దిగింది.

"టీచర్..." అన్నాను.

"చప్పుడు చెయ్యకుర్రి. అది గాలి పట్టింది."

దూరంగా బిస్కెట్ తల ఒక్కసారి మెలి తిరిగింది. ఎవరో దారం కట్టి లాగినట్టు పక్కకి తిరిగి, ముక్కు పైకెత్తి, తర్వాత కిందికి దించి, రెండు వంకర్లు తిరిగి గడ్డిలో మునిగింది. తలెత్తేసరికి నోట్లో డమ్మీ ఉంది. ఆ రోజు దాకా ఎప్పుడూ చేయనిది అది. నా దగ్గరికి వచ్చి, ఎదురుగా కూర్చుని, డమ్మీని పైకెత్తి పట్టుకుంది. తీసుకోవడానికి నాకు చేతుల్లేవు.

నాన్న కుర్చీలోంచి లేచారు. మోకాలి మీద చెయ్యి ఆనించి వంగి, కుక్క నోట్లోంచి దాన్ని అందుకున్నారు.

"మీరు తీసుకుంటె ఎట్ల? ఆయన చేతికే ఇయ్యాలె, లేకుంటె చెడిపోతది," అంది టీచర్.

నాన్న డమ్మీని గడ్డి మీద పెట్టి, నా వెనక్కి వచ్చి ముడి విప్పడం మొదలుపెట్టారు. నలభై ఏళ్ళు స్తంభాలెక్కి వైర్లు బిగించిన వేళ్ళు. చాలాసేపు పట్టింది. ఆయన ఊపిరి నా మెడకి తగులుతోంది. 

తిరిగొచ్చేటప్పుడు కార్ కిటికీలోంచి చూస్తూ, "ఇక్కడ ఇంకా కర్ర స్తంభాలేరా," అన్నారు ఒకసారి. "ఔను నాన్నా," అన్నాను.

ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. అక్టోబరు దాకా ఉండాల్సినవాళ్ళు ఆగస్టులోనే వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌లో నాన్న నా భుజం మీద చెయ్యి వేశారు, తీశారు.

ఆ శనివారం తర్వాత సోమవారం పొద్దున టీచర్ దగ్గరికి వెళ్ళి గట్టిగానే అడిగాను. "మా ఇంటి విషయం మీకెందుకండీ? ఆయనకి చెప్పాల్సిన పనేంటి మీకు?"

"అడిగిండు. నువ్వు అబద్ధం చెప్పినవు. నా పొలంల నిలబడి, నా పేరు మీద చెప్పినవు. నేనెందుకు ఊకోవాలె?"

"మీకు మనుషులంటే జాలి లేదు."

"ఉంటె ఏం చేస్తుంటి? చెయ్యి చూపిస్తుంటి," అంది. బిస్కెట్‌ని కార్ ఎక్కిస్తుంటే వెనక నుంచి, "సగం చదువు అయింది. సగం చదువుకంటె అసలు లేకపోవుడే నయం. ఆలోచించు," అని అరిచింది.

ఆలోచించలేదు. కుక్కని ఇంటికి తెచ్చేశాను. అది సోఫాలు చీల్చడం మానేసింది. పెరట్లో గంటలు గంటలు ముక్కు నేలకి ఆనించి తిరిగేది. పిలిస్తే వచ్చేది, కూర్చోమంటే కూర్చునేది. ఒకరోజు మా అమ్మాయి దాని రెండు చెంపలూ పట్టుకుని మొహంలో మొహం పెట్టింది. కుక్క కళ్ళు పక్కకి తిప్పుకుని గాలి వాసన చూస్తోంది. "డాడీ, బిస్కెట్ నన్ను చూడట్లేదు. షి నెవర్ లుక్స్ ఎట్ మీ ఎనీమోర్," అంది పిల్ల. నేను దానికి వీపు తిప్పి నిలబడిన రోజులన్నీ లెక్కకొచ్చాయి. బిస్కెట్ ఇంకో నాలుగేళ్ళు బతికింది. మా మొహాలు మళ్ళీ చూడలేదు.

నవంబరులో నాకు ఉద్యోగం దొరికింది. నాన్నకి ఫోన్ చేసి చెప్తే "మంచిది," అన్నారు. మూడేళ్ళ తర్వాత ఆయన నిద్రలోనే పోయారు. తెనాలి వెళ్ళాను. పన్నెండో రోజు అయ్యాక అమ్మ, నేను వరండాలో కూర్చున్నాం. ఎలా మొదలైందో, ఆ కుక్కల స్కూలు మాట వచ్చింది.

"మీ నాన్నకి ముందే తెలుసురా," అంది అమ్మ.

"ఎలా?"

"నీ ప్యాంట్లు ఉతికేది నేనే కదా. రోజూ కింద అంచులకి గడ్డి ముళ్ళు. ఆఫీసులో గడ్డెక్కడిదండీ అన్నాను. పదకొండు రోజులు ఆ మాటే మా ఇద్దరి మధ్యా. నిలదీయండి అంటే ఒప్పుకోలేదు. వాడే చెప్తాడు, వాడి నోటితోనే రానీ అనేవారు. ఆ శనివారం అందుకే వచ్చారు నీతో. అక్కడ ఆ మాట అడిగితే చెప్పడానికి నీకు వీలుగా ఉంటుందని."

మిషిగన్ తిరిగొచ్చిన వారానికే టీచర్ దగ్గరికి వెళ్ళాను. మూడేళ్ళలో బాగా వంగిపోయింది. ఒక కొత్త కుక్కపిల్లని గడ్డిలోకి వదిలి నిలబడి ఉంది. పలకరింపులేమీ లేకుండా అమ్మ చెప్పిందంతా చెప్పాను. ఆవిడ ఆ రోజు ఏం తీసేసుకుందో ఆవిడకి తెలియాలని చెప్పాను. నా గొంతు పెరిగింది. "నా నోటితో విందామని వచ్చాడు మా నాన్న. మీరు విననివ్వలేదు," అన్నాను.

"ఎన్ని రోజులు తెలిసి ఊకున్నడు?"

"పదకొండు."

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది. కళ్ళలో పొర వచ్చి ఉంది, సరిగా కనిపిస్తోందో లేదో.

"ఇంకో పదకొండు రోజులిస్తె చెప్తుంటివా?"

కుక్కపిల్ల ఎక్కడో గడ్డిలో కుయ్యిమంటోంది. ఔనని చెప్పడానికి వచ్చాను అంత దూరం. నోరు తెరిచాను కూడా.

"చెప్పేవాణ్ణి కాదు," అన్నాను.

ఆవిడ గడ్డి వైపు తిరిగింది.

"గాలికి అడ్డం నిలబడ్డవు," అంది. "జరుగు."

జరిగాను.